అచ్చయినదంతా నమ్మవచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఒకచోట చేర్చాము. రాసినవారు ఒకరికొకరు పరిచయం లేనివారే అయినా, అందరి సందేహమూ ఒకటే: పరిశోధన పత్రాలు ఇంటర్నెట్‌లోకి వచ్చిపడ్డాక దేన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి? ఉత్తరాలు కాస్త పొడవుగా ఉన్నందున కుదించి వేస్తున్నాము.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెల్లవారేసరికి ఏదో ఒక ఆరోగ్య సందేశం ఉంటుంది. మొన్న వచ్చినదాని కింద ‘ఇది అంతర్జాతీయ జర్నల్‌లో వచ్చిన పరిశోధన’ అని రాసి లింకు కూడా ఇచ్చారు. తెరిస్తే నిజంగానే పత్రం ఉంది, పట్టికలు ఉన్నాయి, చివర ఆధారాలూ ఉన్నాయి. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నాకే అది నమ్మదగినదో కాదో తేలలేదు. జర్నల్‌లో వచ్చిందంటే నమ్మవచ్చని మేము పిల్లలకు చెప్పేవాళ్లం. ఇప్పుడు ఏమని చెప్పాలి?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మల్కాజిగిరి

జవాబు: మాస్టారూ, మీరు చెప్పినది ఆ రోజులకు చాలావరకు సరైన మాటే. 1980లలో నేను తార్నాక వైపు ఒక పరిశోధన సంస్థ గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. విదేశీ జర్నల్ ఓడ ఎక్కి, పోస్టాఫీసులు దాటి మా బల్ల మీదికి చేరేసరికి రెండు మూడు నెలలు గడిచిపోయేవి. ఈలోగా ఫిలడెల్ఫియా నుంచి వారం వారం వచ్చే ‘కరెంట్ కంటెంట్స్’ అనే చిన్న పుస్తకంలో విషయసూచికలు చూసుకొని, కావలసిన పత్రం కోసం శాస్త్రవేత్తలు దాని రచయితకే ఒక అచ్చు కార్డు పంపేవారు. ‘ప్రియమైన డాక్టర్’ అన్న మాట తరువాత ఒక ఖాళీ, ‘మీ వ్యాసం ప్రతి ఒకటి పంప ప్రార్థన’ అన్నచోట మరో ఖాళీ ఉండేవి. వాటిని నింపి పోస్టులో వేస్తే, ప్రాప్తం ఉంటే నెలన్నరకు ఒక గోధుమరంగు కవరు వచ్చేది. దాని మీది స్టాంపుల కోసం మా అటెండరూ నేనూ పోటీ పడేవాళ్లం.

ఆ కష్టమే ఒక జల్లెడగా పనిచేసేది. కాగితానికీ అచ్చుకీ తపాలాకీ ఖర్చవుతుంది కనుక సంపాదకుడు వచ్చినవన్నీ వేయలేడు. వేసేముందు ఆ రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు చూపించి అభిప్రాయం అడుగుతాడు, దీనినే పీర్ రివ్యూ అంటారు. ఆపైన, చందాలకు ఎప్పుడూ డబ్బు చాలని మా గ్రంథాలయ కమిటీ ఏ జర్నల్ తెప్పించాలో ఏది మానాలో మరోసారి వడపోసేది. అయితే ఆ జల్లెళ్లకూ చిల్లులు ఉండేవి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పత్రం 12 మంది పిల్లల ఆధారంతో 1998లో ‘లాన్సెట్’ అంతటి పేరున్న పత్రికలోనే వచ్చింది. దానిని ఆ పత్రిక పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. పీర్ రివ్యూ అనేది అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. లండన్‌లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అనే విజ్ఞాన పత్రిక 1665లోనే మొదలైనా, ‘నేచర్’ పత్రిక తాను వేసే ప్రతి పత్రానికీ ఈ సమీక్షను తప్పనిసరి చేసింది 1973లో.

ఇంటర్నెట్ వచ్చాక మొదట మారినది భౌతికశాస్త్రం. 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ అనే శాస్త్రవేత్త, జర్నల్‌కు ఇంకా చేరని పత్రాలను అందరికీ ఉచితంగా అందించే ఏర్పాటు ఒకటి చేశారు. తరువాత దానికే ఆర్కైవ్ అన్న పేరు స్థిరపడింది. సమీక్షకు ముందే బయటికి వచ్చే ఇలాంటి పత్రాన్ని ప్రీప్రింట్ అంటారు. ఓడ కోసం ఎదురుచూసే మనబోటి దేశాల వారికి ఇది ఎంత మేలు చేసిందో ఆ కార్డులు నింపినవారికే తెలుస్తుంది. అదే సమయంలో జర్నల్ పెట్టడానికి అయ్యే ఖర్చు కూడా పడిపోయింది. ఒక గది, ఒక వెబ్‌సైటు, గంభీరమైన పేరు ఉంటే చాలు. మీరు తెరిచిన లింకులో కనిపించిన పట్టికలు, ఆధారాలు, రెండు కాలమ్‌ల అమరిక ఎవరైనా తయారుచేయగలవే. ఏ పత్రం జల్లెడ దాటి వచ్చిందో, ఏది దాటకుండా వచ్చిందో దాని ముఖం చూసి ఇప్పుడు చెప్పలేము.

అందుచేత పిల్లలకు ‘ఎక్కడ వచ్చింది’ అన్న ప్రశ్న ఒక్కటే నేర్పితే చాలదు. ఆ పరిశోధన ఎలుకల మీద చేశారా, గాజు పాత్రలోని కణాల మీద చేశారా, మనుషుల మీద చేశారా, మనుషులైతే ఎంతమంది, వేరొకరు వేరొకచోట చేస్తే అదే ఫలితం వచ్చిందా, ఆ తరువాత దానిని వెనక్కి తీసుకున్నారా – ఇవి అడగడం నేర్పండి. చివరిదానికి సులువైన దారి ఉంది. 2010లో మొదలైన రిట్రాక్షన్ వాచ్ అనే వెబ్‌సైటు ఉపసంహరించిన పత్రాల పట్టిక నిర్వహిస్తోంది, పత్రం పేరు కొడితే తెలిసిపోతుంది. 2023 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం మొత్తం మీద 10,000కు మించిన పత్రాలు ఉపసంహరణకు గురయ్యాయి; వాటిలో 8,000కు పైగా హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థవే.

ఇంకొక్క మాట. కాలనీ గ్రూపుల్లో నేను చూసినంతవరకు దొంగ పత్రాలకన్నా ఎక్కువగా తిరిగేవి, నిజమైన పత్రానికి అబద్ధపు తోక తగిలించిన సందేశాలు. పత్రం పసుపులోని ఒక పదార్థం గాజు పాత్రలోని కణాల మీద ఏమి చేసిందో చెబుతుంది; సందేశమేమో చక్కెర జబ్బు మాత్రలు మానేయమంటుంది. లింకు తెరిచి చూశానన్నారు కదా, ఈసారి సందేశంలోని వాక్యం ఆ పత్రంలో ఎక్కడైనా ఉందేమో వెతికి చూడండి.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ విద్యార్థినిని. ‘గౌరవనీయులైన డాక్టర్ గారికి, మీ విశిష్టమైన కృషిని చదివి ఎంతో ముగ్ధులమయ్యాము’ అంటూ వారానికి మూడు మెయిళ్లు వస్తున్నాయి. నాకింకా డాక్టరేటే రాలేదు! నాలుగు రోజుల్లో ప్రచురిస్తామని, 2,500 రూపాయలు కట్టమని అంటున్నారు. ‘అందరూ వేయించుకున్నారు, నువ్వూ వేసెయ్’ అని సీనియర్లు చెబుతున్నారు. వేయవచ్చా?
– పరిశోధక విద్యార్థిని, తార్నాక

జవాబు: వేయవద్దమ్మా. కారణాలు చెబుతాను.

ముందుగా ఆ మెయిల్‌నే మళ్లీ చదవండి. మీకు లేని డాక్టరేట్ ఇచ్చేశారు, మీ ‘కృషి’ ఏ విషయంలోదో ఒక్క ముక్క రాయలేదు. నాలుగు రోజుల్లో ప్రచురిస్తామన్నారంటే మీ పత్రాన్ని ఎవరూ చదవరని వారే ఒప్పుకుంటున్నారన్నమాట. ఇద్దరు నిపుణులను వెతికి పట్టుకొని వారిచేత ఒప్పించడానికే నిజమైన సంపాదకుడికి వారాలు పడుతుంది.

రచయిత దగ్గర డబ్బు తీసుకోవడమే మోసమని మాత్రం అనుకోకండి. చందా కట్టలేని పాఠకుడికి కూడా పరిశోధన అందాలన్న సదుద్దేశంతో 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన వెలువడింది. పాఠకుడు కట్టనప్పుడు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కనుక ఆ భారం చాలాచోట్ల రచయిత మీద, అతని సంస్థ మీద పడింది. ‘నేచర్’ పత్రిక 2021 నుంచి ఇలా ఉచితంగా చదవనిచ్చే పత్రానికి 9,500 యూరోల రుసుము పెట్టింది. మన విద్యార్థి ఆ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు, అది వేరే సంగతి. చదివేవారు డబ్బు కట్టే రోజుల్లో చెత్త వేస్తే చందాలు పోతాయన్న భయం ఉండేది. రాసేవారు కట్టే పద్ధతిలో ఎన్ని వేస్తే అంత రాబడి. 2013లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు ‘సైన్స్’ పత్రిక కోసం ఒక పరీక్ష పెట్టాడు. రాతిపాచి నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతుందని చెబుతూ, రసాయనశాస్త్ర విద్యార్థి సైతం పట్టుకోగల తప్పులను కావాలనే పెట్టి ఒక దొంగ పత్రం తయారుచేసి 304 జర్నళ్లకు పంపితే, 157 జర్నళ్లు దానిని అంగీకరించాయి, తిరస్కరించినవి 98. పత్రం పంపిన ఆ 304 జర్నళ్లలో సుమారు మూడో వంతు మన దేశం నుంచి నడిచేవే.

మన దేశంలోనే ఇవి ఇంతగా పెరగడానికి మన నిబంధనల పాత్ర కూడా ఉందని నా అభిప్రాయం. 2010లో యూజీసీ అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ పాయింట్ల పద్ధతి పెట్టింది. అచ్చయిన ప్రతి పత్రానికీ ఇన్ని పాయింట్లు అని లెక్క. ప్రయోగశాల లేని కళాశాలలో, వారానికి పదహారు గంటలు పాఠాలు చెప్పే లెక్చరరు కూడా పత్రాలు చూపించాల్సి వచ్చింది. గిరాకీ పుట్టినచోట దుకాణం వెలుస్తుంది. తరువాత యూజీసీయే ఆమోదిత జర్నళ్ల జాబితా ఒకటి ప్రకటించి, 2018 మే నెలలో అందులోంచి 4,305 పేర్లు తీసేసింది. 2019లో కేర్ పేరుతో మరో జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దానినీ ఎత్తివేసింది. ఇప్పుడు మంచీచెడూ తేల్చుకోవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాల మీదే ఉంది. మీకు పనికివచ్చే విషయం ఏమంటే, డాక్టరేట్‌కు ముందు పత్రం అచ్చయి ఉండాలన్న షరతును 2022 నవంబరు నిబంధనల్లో యూజీసీ తొలగించింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ షరతు ఉంచుకుందేమో పరిశోధన విభాగంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. సీనియర్ల మాట మీద ఆధారపడకండి.

ఇక మన ఊరి సంగతి. ఈ మాట రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాయక తప్పదు. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. సమీక్ష చేస్తామని చెప్పి సరిగా చేయడం లేదని, రుసుము సంగతి ముందుగా చెప్పడం లేదని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లను వాడుకుంటున్నారని అందులోని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా న్యాయస్థానం కమిషన్ పక్షాన తీర్పు ఇచ్చి 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. నాకు తెలిసిన ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలికి ఇలాంటిదే వేరొకచోట ఎదురైంది. ‘మేడం, మీరు గుండె జబ్బుల జర్నల్ సంపాదకవర్గంలో ఉన్నారట కదా’ అని ఒక విద్యార్థి అడిగేదాకా, తన ఫొటోతో సహా ఆ వెబ్‌సైటులో ఉన్నట్టు ఆమెకు తెలియదు. పేరు తీసెయ్యమని ఆమె అయిదుసార్లు రాసింది. జవాబుగా, వ్యాసం పంపమని ఆహ్వానాలు వచ్చాయి.

మీకు జరిగే నష్టం 2,500 రూపాయలతో ఆగదు. ఒకసారి అక్కడ అచ్చయిన పనిని మంచి జర్నల్ ముట్టుకోదు. వెనక్కి తీసుకుంటామంటే దానికీ రుసుము అడిగేవారున్నారు. అంటే మూడేళ్ల మీ కష్టం ఎవరూ చదవని చోట ఇరుక్కుపోతుంది. అంతేకాక, మీ పత్రం పక్కన ఎలాంటివి ఉంటాయో చూడండి. పత్రాలను టోకున తయారుచేసి అమ్మేవారు, ఎత్తిరాసిన సంగతి పట్టుబడకుండా ఇతరుల వాక్యాల్లోని మాటలను యంత్రంతో మార్పిస్తారు. ఆ మార్పిడిలో ‘బ్రెస్ట్ క్యాన్సర్’ కాస్తా ‘బూజమ్ పెరిల్’ అయింది, ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది. తెలుగులో చెప్పుకుంటే రొమ్ము క్యాన్సర్‌ను ‘ఎద గండం’ అనీ, కృత్రిమ మేధను ‘దొంగ స్పృహ’ అనీ రాసినట్టు. ఇలాంటి మాటలున్న పత్రాలను వేలల్లో పట్టుకున్నారు. అంటే సమీక్షకుడు, సంపాదకుడు, ప్రూఫ్ దిద్దేవాడు, ఒక్కరు కూడా చదవలేదన్నమాట.

ప్రశ్న: కరోనా రోజుల్లో ఒకనాడు ఒక మందు పనిచేస్తుందన్నారు, మర్నాడు వద్దన్నారు. మన హైదరాబాద్‌లో తయారైన టీకా విషయంలోనే మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. మావారు వేయించుకుందామంటే, మా అత్తగారు ‘లెక్కలు బయటపెట్టకుండా వేస్తున్నారట’ అని ససేమిరా అన్నారు. అప్పటినుంచి ఆవిడ డాక్టర్ల మాట ఏదీ నమ్మడం లేదు. నిజంగా ఏదైనా దాచారా? రోజుకో మాట ఎందుకు చెప్పారు?
– గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: మీ అత్తగారి సందేహంలో కొంత న్యాయం ఉందమ్మా. తేదీలు వరుసగా చూడండి. కోవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి 2021 జనవరి 3న వచ్చింది. టీకా ఎంతవరకు కాపాడుతుందో చెప్పే మూడో దశ ఫలితాలు అప్పటికి లేవు. మార్చి 3న కంపెనీ ఒక ప్రకటనలో 81 శాతం అన్నది, పూర్తి పత్రం మాత్రం బయటికి రాలేదు. జులై మొదట్లో మెడ్‌ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల వేదికలో పూర్తి వివరాలు వచ్చాయి. పరీక్షలో 25,798 మంది పాల్గొన్నారు, లక్షణాలతో జబ్బు పడిన 130 మందిలో టీకా తీసుకున్నవారు 24 మంది, ఉత్తుత్తి సూది వేయించుకున్నవారు 106 మంది, రక్షణ 77.8 శాతం. నవంబరులో సమీక్ష పూర్తయి ‘లాన్సెట్’లో వచ్చినప్పుడూ అంకె అదే, 77.8.

జులైలో ఉచితంగా చదవగలిగిన పత్రానికీ, నవంబరులో పేరున్న పత్రికలో వచ్చినదానికీ అసలు ఫలితంలో తేడా లేదు. నమ్మకం చెడింది జనవరికీ జులైకీ మధ్య, పత్రమే లేని ఆరు నెలల్లో. అనుమతి ముందు, ఆధారం తరువాత అన్న ఆ వరుస పొరపాటేనని నా అభిప్రాయం, టీకా మంచిదే అని తేలిన తరువాత కూడా ఆ అభిప్రాయం మార్చుకోలేదు. పత్రికా ప్రకటనకూ పరిశోధన పత్రానికీ ఎంతో తేడా ఉంది: మొదటిది ‘మా పిల్లవాడు ఫస్టు క్లాసు’ అని చెప్పడం, రెండోది మార్కుల జాబితా చూపించడం.

రోజుకో మాట గురించి. మలేరియాకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనా రోగులకు హాని చేస్తోందని, 671 ఆసుపత్రుల్లోని 96,032 మంది రోగుల వివరాలతో అంటూ ‘లాన్సెట్’ 2020 మే 22న ఒక పత్రం వేసింది. దానిని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షల్లో ఆ మందును ఆపింది. కొన్ని రోజుల్లోనే అనేక దేశాల శాస్త్రవేత్తలు ఇంటర్నెట్‌లో ఆ అంకెలను కలిపి చూసి, ఇవి పొసగడం లేదని బహిరంగ లేఖ రాశారు. మూల వివరాలు చూపమంటే, వాటిని సమకూర్చిన సంస్థ చూపలేదు. జూన్ 4న పత్రం వెనక్కి పోయింది. ఆ మందు కరోనాకు పెద్దగా పనికిరాదని తరువాత పెద్ద పరీక్షల్లో తేలింది కానీ, ఈ పత్రం మాత్రం నిలవలేదు. అంతకు ముందే, 2020 జనవరి 31న, ఢిల్లీలోని కొందరు పరిశోధకులు కరోనా వైరస్‌లో హెచ్‌ఐవీని పోలిన ముక్కలున్నాయంటూ బయోఆర్కైవ్‌లో ఒక ప్రీప్రింట్ పెట్టారు. అలాంటి చిన్న ముక్కలు ఎన్నో వైరస్‌లలో ఉంటాయని ఇతర శాస్త్రవేత్తలు దాని కిందే వరుసగా రాశారు. ఫిబ్రవరి 2 నాటికి రచయితలే దానిని వెనక్కి తీసుకున్నారు.

పైన మాస్టారికి చెప్పిన 1998 నాటి పత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అది పోవడానికి 12 ఏళ్లు పట్టింది. 2020లో ‘లాన్సెట్’ పత్రం పోవడానికి 13 రోజులు. ఢిల్లీ ప్రీప్రింట్‌కు రెండే రోజులు. పాతకాలంలో తప్పులు తక్కువగా ఉండేవని అనుకోవడానికి వీలు లేదు, గోడల వెనుక ఉండేవి. ఎలిసబెత్ బిక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 20,621 పత్రాల్లోని బొమ్మలను కళ్లతో పరిశీలించి, 3.8 శాతం పత్రాల్లో ఒకే బొమ్మను రెండుచోట్ల వాడడం వంటి లోపాలున్నాయని 2016లో చెప్పారు. వాటిలో 1990లలో అచ్చయినవీ ఉన్నాయి. ఇప్పుడు దిద్దుబాటు మన కళ్ల ముందే జరుగుతోంది కనుక చూసేవారికి గందరగోళంగా కనిపిస్తోంది. వంట అయ్యాక విస్తరిలో తినడం వేరు, వంటింట్లో నిలబడి చూడడం వేరు.

ఇందులో నాకు పరిష్కారం తోచనిది ఒకటుంది. ఆ హెచ్‌ఐవీ పత్రం రెండు రోజుల్లో పోయింది కానీ, దాని మీద తయారైన సందేశం పోలేదు. ఏడాది తరువాత కూడా మా అపార్ట్‌మెంటు గ్రూపులో చూశాను. ఉపసంహరణ నోటీసును ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మీ అత్తగారితో వాదించకండి. ఆవిడ అడిగిన ‘లెక్కలు’ జులైలో వచ్చాయని చెప్పి, ఆ 24నూ 106నూ ఒక కాగితం మీద రాసి చూపించండి. లెక్క అడిగే మనిషికి లెక్కే చూపించాలి.

ప్రశ్న: పత్రాలు చదవాలంటే ఒక్కోదానికి 30, 40 డాలర్లు అడుగుతున్నారు. డబ్బు కట్టకుండా, దొంగదారి పట్టకుండా చదివే మార్గం ఉందా?
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఉంది. మీది ప్రభుత్వ కళాశాల అయితే ముందు మీ లైబ్రేరియన్‌ను అడగండి. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థలకు చెందిన 13,000 దాకా జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందాలన్నది ఏర్పాటు. ప్రైవేటు కళాశాల విద్యార్థులను మొదటి విడతలో చేర్చలేదు, ఇది నాకు నచ్చని విషయం. అనుమతి లేకుండా పత్రాలను ఉచితంగా పంచే సై-హబ్ అనే వెబ్‌సైటు మీద ప్రచురణకర్తలు 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, ఆ దారి గురించి నేను చెప్పను. భౌతికశాస్త్రం, గణితం అయితే ఆర్కైవ్‌లోనూ, వైద్యం అయితే పబ్‌మెడ్ సెంట్రల్‌లోనూ వెతకండి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారు తమ జర్నళ్లను, ‘రెజొనెన్స్’తో సహా, తమ వెబ్‌సైటులో ఉచితంగా ఉంచారు. డిగ్రీ స్థాయికి ‘రెజొనెన్స్’ కన్నా మంచి మొదలు నాకు తెలియదు.

ఎక్కడా దొరకకపోతే రచయితకే మెయిల్ రాయండి, చిరునామా పత్రం మొదటి పేజీలోనే ఉంటుంది. మా కార్డు కన్నా పొడవు అక్కరలేదు: మీరు ఎవరు, ఏ కళాశాల, ఏ పత్రం కావాలి, ఎందుకు. రెండు వారాల్లో జవాబు రాకపోతే పేర్ల వరుసలో మొదట ఉన్నవారికి రాయండి. చాలా పత్రాల్లో ఆ పని చేతులారా చేసిన విద్యార్థి పేరు అక్కడే ఉంటుంది, తన పత్రాన్ని ఒకరు అడిగారన్న సంతోషంతో ఆ రాత్రే పంపిస్తారు.